కొసరు కుట్టు

ఇలా రా బంగారం. కాళ్ళు నా ఒళ్ళో పెట్టు. అబ్బ, మంచుముక్కల్లా ఉన్నాయే! ఆ ఎర్ర శాలువా మీదికి లాక్కో. ఏమిటీ, దానికి మూడే మూలలున్నాయా? రోజూ కప్పుకుంటూ ఇవాళ చూశావన్నమాట. అందులో ఒక మూల మొద్దుగా, ఎలక కొరికేసినట్టు ఉంటుంది, అది కూడా చూడు. సరే, ఇవాళ దాని కథే చెబుతాను. మధ్యలో ప్రశ్నలు వేశావంటే ఆపేస్తాను. ఊఁ కొట్టాలి, అంతే.

అనగనగా ఒక ఊళ్ళో రాజూ లేడు, రాణీ లేదు. ఒక కుంచం ఉండేది. ధాన్యం కొలిచే ఇత్తడి కుంచం. ఆ కుంచానికి ఒక మనిషి ఉండేవాడు. ఆయన పేరు పైడయ్య.

ఆ ఊరు గుమ్మాలపాడు. కొండల కింద ఊరు. నూర్పులు అయ్యాయంటే చాలు, ఎవరి కళ్ళంలో అయినా పైడయ్యే వచ్చి ధాన్యం కొలవాలి. వేరేవాళ్ళు కొలిస్తే గింజలకి కూడా నచ్చదని చెప్పుకొనేవారు. ఇంతింత మీసాలు, ఇంతింత చేతులు. కుంచం ఎత్తితే ఒక్క గింజ పక్కన పడేది కాదు.

కొలిచేటప్పుడు ఆయనకి మూడు పట్టింపులు ఉండేవి. మొదటిది, 'ఒకటి' అనడు. 'లాభం' అంటాడు. లాభం, రెండు, మూడు... అలా. అది మన పెద్దవాళ్ళందరి అలవాటేలే. రెండోది, 'ఏడు' అనడు. రాశి దగ్గర నిలబడి ఏడు అంటే, ఏడవమన్నట్టు కాదూ? అందుకని 'ఆరున్నొక్కటి' అంటాడు. మూడోది, కొలత అంతా అయిపోయాక చివర్న రెండు చేతులా ధాన్యం తీసి, ఊరికే, పైన వేస్తాడు. అది కొసరు. కొసరు వెయ్యని కొలత కొలతే కాదనేవాడు.

పదిహేడు వస్తే ఏం చేస్తాడా? చూశావా, ప్రశ్నలు వెయ్యొద్దన్నానా! నేనూ చిన్నప్పుడు అదే అడిగాను. "పదిహేడులో ఏడు ఎనక్కాల దాక్కుందిలే, కనపడదు" అన్నాడు.

ఆ పైడయ్యకి ఒక్కతే కూతురు. నూకరత్నం. రత్నం చిన్నప్పుడే వాళ్ళమ్మ పోయింది. అప్పటినుంచి పైడయ్యే తలంటాడు, పైడయ్యే జడలు వేశాడు, పైడయ్యే అన్నం కలిపి పెట్టాడు. ఆ తర్వాత పెళ్ళి చేసి కొండమీద మంచుమెట్ట అనే ఊరికి పంపాడు. ఆ ఊళ్ళో పొద్దున్న పదింటిదాకా ఎదురింటి గుమ్మం కనపడదు. అంత మంచు.

కొన్నాళ్ళకి రత్నం కడుపుతో ఉందని కబురొచ్చింది. పైడయ్య ఊరందరికీ బెల్లం పంచాడు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా. కానీ ఈ పుట్టింట్లో ఆడదిక్కు ఏదీ? ఒక కుంచం, ఒక మీసాలాయన. అప్పుడు రత్నం అత్తగారు ఉత్తరం రాయించింది. "అన్నయ్యగారూ, కాన్పు ఇక్కడే కానిద్దాం. మీరు బెంగపడకండి. బారసాలకి వచ్చి మనవణ్ణో మనవరాలినో ఎత్తుకోండి, చాలు."

మంచి మనిషే ఆవిడ. కానీ పైడయ్యకి ఆ 'చాలు' దగ్గర ముద్ద దిగలేదు. పుట్టింటివాళ్ళు ఉత్త చేతులతో బారసాలకి వెళతారా? చలి ఊళ్ళో పుట్టే పిల్లకి వెచ్చటి గుడ్డలు పట్టుకెళ్ళాలి. కొన్నవి ఎవరైనా ఇస్తారు. రత్నానికి అమ్మ ఉంటే చేత్తో చేసి ఇచ్చేది. రేపు పదిమందిలో నా పిల్ల 'మా అమ్మ లేదు కదా' అని తల దించుకోవాలా? అదీ ఆయన బెంగ. రెండు రోజులు కుంచం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మూడో రోజు లేచి ఆసుపత్రికి నడిచాడు.

ఆసుపత్రి అంటే పెద్దదేం కాదు. రెండు గదులు, ఒక అరుగు. ఆ అరుగు మీద నర్సమ్మ కూర్చునేది. ఆవిడ పేరు కరుణమ్మ. సూదిమందు వేసే సూది ఒక చేత్తో, ఊలు అల్లే సూదులు ఇంకో చేత్తో అన్నట్టు ఉండేది. రోగులు లేనప్పుడల్లా ఏదో ఒకటి అల్లుతూనే ఉండేది.

"నర్సమ్మా, నాకీ పని వొస్తాదా?" అన్నాడు పైడయ్య.

కరుణమ్మ కళ్ళద్దాల మీంచి ఆ మీసాలు చూసింది, ఆ చేతులు చూసింది. నవ్వలేదు. అందుకే ఆవిడంటే నాకిష్టం.

"జడ వెయ్యడం వచ్చా?" అంది.

"మా రత్నానికి పదేళ్ళు ఏసినాను."

"అయితే ఇదీ వస్తుంది. నీకు రెండు పుల్లలు, ఒక దారం, ఒకే ఒక కుట్టు చాలు. నాలుగు మాటలు నేర్పుతాను, మంత్రంలా అనుకో. గుచ్చు, చుట్టు, లాగు, దించు."

అదేనమ్మా మొత్తం విద్య. ఈ పుల్ల మీద ఉన్న ఉచ్చులోకి ఆ పుల్ల గుచ్చాలి. దారం చుట్టాలి. చుట్టిన దారాన్ని ఉచ్చులోంచి ఇవతలికి లాగాలి. పాత ఉచ్చుని పుల్ల మీంచి దించెయ్యాలి. ఒక కుట్టయింది. అలా ఈ పుల్ల మీదవన్నీ ఆ పుల్ల మీదికి వెళ్ళిపోతే ఒక వరస. అప్పుడు పుల్లలు చేతులు మార్చుకుని మళ్ళీ మొదలు. ముందుకీ అదే, వెనక్కీ అదే. నీ వేళ్ళకి కూడా వస్తుంది. మొదట్లో వేళ్ళు పోట్లాడుకుంటాయి, అంతే.

అప్పుడు పైడయ్య వెదురు చీల్చి, చివర్లు చెక్కి, ఆముదం రాసి రెండు పుల్లలు చేసుకున్నాడు. కరుణమ్మ తన పాత ఎర్ర స్వెట్టరు విప్పి ఉండలు చుట్టి ఇచ్చింది. విప్పిన ఊలు సేమ్యాలాగా వంకర్లు తిరిగి ఉంది. "ఫరవాలేదు, అల్లేకొద్దీ తిన్నగా అవుతుంది" అంది. మొదటి వరస పది కుట్లు తనే ఎక్కించి ఇచ్చింది.

"ముందుగా ఒక పొడుగు పట్టీ అల్లు. మెడకి చుట్టుకునే పట్టీ. కొత్తవాళ్ళకి అంతకన్నా సుళువైంది లేదు. కొండమీదికి వెళ్ళేటప్పుడు నీకే పనికొస్తుంది" అని చెప్పి, పల్లెల్లో టీకాలు వెయ్యడానికి వెళ్ళిపోయింది.

పైడయ్య అరుగు మీద కూర్చుని అల్లడం మొదలుపెట్టాడు. గుచ్చు, చుట్టు, లాగు, దించు. ఊరు ఊరంతా వచ్చి చూసింది. కొందరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు, కొందరు అడ్డం పెట్టుకోకుండానే నవ్వారు. ఎవరో ఒక కొంటె మనిషి 'మీసాల అమ్మమ్మ' అని పేరు పెట్టాడు. సాయంత్రానికి ఊళ్ళో అందరికీ అదే పేరు. ఆయనకి కోపం రాలేదు. "మరే, అమ్మమ్మ పనే కదా సేస్తన్నాను" అన్నాడు.

మూడు వారాలకి కరుణమ్మ తిరిగొచ్చింది. వచ్చి చూస్తే ఏముంది? పట్టీ మొదట్లో చారెడు ఉంది, చివరికొచ్చేసరికి చాపంత ఉంది!

"ఇదేమిటి పైడయ్యా, పట్టీ అల్లమంటే జెండా అల్లావు?"

పైడయ్య మొహం వెలిగిపోతోంది. "పంట ఎదిగినట్టు ఎదుగుతంది నర్సమ్మా! పుల్లలు సాలక ఇంకా పొడుగువి సెక్కినాను."

"ఏదీ, నా ముందు ఒక వరస అల్లు" అంది కరుణమ్మ. అల్లాడు. బాగానే అల్లాడు. వరస చివరికి వచ్చాడు. వచ్చి, తిరగబోయే ముందు, ఊరికే, పుల్ల మీద ఇంకొక్క చుట్టు వేశాడు.

"అదేమిటి?"

"కొసరు."

"ప్రతి వరసకీ వేశావా?"

"ఎయ్యకపోతే సెయ్యి ఊరుకోదమ్మా."

కరుణమ్మ నవ్వి నవ్వి కళ్ళద్దాలు తుడుచుకుంది. వరసకో కొసరు కుట్టు. పదితో మొదలైంది రెండొందలు దాటింది. విప్పేద్దామా అంటే పైడయ్య గుండెకి హత్తుకున్నాడు. సరేలెమ్మని ఆవిడ చివరి కుట్లు ఒకదాని మీంచి ఒకటి దాటించి, ఊడిపోకుండా ముగించి ఇచ్చింది. ఇదిగో, నీ గడ్డం కింద ఉన్న ఈ మొద్దు మూల, ఇదే ఆ మొదటి పది కుట్లు. లెక్కపెట్టుకో కావాలంటే. రేపు పొద్దున్న.

ఆ తర్వాత రెండో పని. "ఇప్పుడు పిల్లకి టోపీ. ఇరవై కుట్లు. కొసరు వేశావో, పుల్లలు లాక్కుంటాను. పైకి లెక్కపెడుతూ అల్లు. తలచుట్టూ వచ్చేంత పొడుగయ్యాక రెండు అంచులూ కలిపి కుడితే గొట్టంలా అవుతుంది. పైన దగ్గరికి లాగి ముడేస్తే టోపీ" అంది కరుణమ్మ.

తల కొలత ఎలా? పిల్ల ఇంకా పుట్టనే లేదు. పైడయ్యకి తెలిసిన కొలతలు పాత్రలవే. బియ్యం కొలిచే సోల తీసి, దాని చుట్టూ సరిపోయేటట్టు అల్లాడు. ఈసారి కొసరు వెయ్యలేదు. వరస చివర చెయ్యి దురద పెడితే తొడ మీద రాసుకునేవాడట. పైకి లెక్కపెట్టాడు. లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఆరున్నొక్కటి, ఎనిమిది...

టోపీ అయ్యింది. ఎత్తి చూస్తే దాని చుట్టూ రెండు వరసల కన్నాలు. కిటికీలు పెట్టినట్టు.

కరుణమ్మ మళ్ళీ పక్కన కూర్చుని అల్లించింది. ఆరో కుట్టు దాకా బాగుంది. ఆ తర్వాత "ఆరున్ను" అని ఒకసారి చుట్టాడు, "ఒక్కటి" అని ఇంకోసారి చుట్టాడు. రెండుసార్లు చుట్టిన కుట్టు వదులై, సాగి, కన్నం పడింది. అటునుంచి వచ్చేటప్పుడు ఏడో కుట్టు, ఇటునుంచి వచ్చేటప్పుడు ఏడో కుట్టు. అందుకే రెండు వరసలు.

"ఏడు అని ఒక్క మాట అనేస్తే పోలేదా పైడయ్యా?"

"సంటిపిల్ల గుడ్డ మీద ఆ మాటా!" అని చెంపలేసుకున్నాడు. "నా జన్మలో అనలేదమ్మా. నా నోట రాదు."

"కన్నాల టోపీ పెడితే చలి ఆగుతుందా?" అని ఆవిడ విసుక్కుంది. ఆ తర్వాత కాస్సేపు చూసి, ఆ కన్నాల్లోంచి రెండు ఊలు తాళ్ళు దూర్చింది. పై తాడు బిగిస్తే నెత్తి మీద ఉల్లిపాయ పిలకలా కుచ్చు వచ్చింది. కింది తాడు ఊరికే అలా వదిలేసింది. "ఉండనీ, అందంగా ఉంది" అంది.

అప్పుడు మూడో పని. గుడ్డలయ్యాయి కదా, ఇక ఆడుకోవడానికి ఏదైనా ఉండాలి. "ఒక నలుచదరపు ముక్క అల్లు. దాన్ని కుందేలు చేస్తాను" అంది కరుణమ్మ. పైడయ్య నమ్మలేదు. చదరం కుందేలెలా అవుతుంది?

అవుతుందమ్మా. చదరం సగంలో అడ్డంగా సూదితో దారం ఎక్కించాలి. ఆ దారం రెండు చివరల నుంచీ పై అంచు మధ్యకి, ఇంటికప్పు ఆకారంలో, మళ్ళీ దారం ఎక్కించాలి. ఆ కప్పు మధ్యలో దూది పెట్టి దారం లాగితే అది గుండ్రంగా బిగిసి తల అవుతుంది. పైన మిగిలిన రెండు మూలలూ నిక్కపొడుచుకుని చెవులవుతాయి. కింద సగం పొట్ట. దారం లాగగానే కుందేలు తల బయటికి వచ్చేసరికి, అంత పెద్ద మనిషీ చప్పట్లు కొట్టాడు.

"ఇక పొట్టలో దూది కూరి కుట్టెయ్యి" అని చెప్పి కరుణమ్మ లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చి కుందేలుని ఎత్తబోతే చేతికి బరువు తగిలింది. రాయిలా ఉంది.

"ఏం కూరావు?"

"పాత పంచెగుడ్డలో మూటకట్టి, సోలెడు బియ్యం."

"పైడయ్యా! బొమ్మలో బియ్యం పోస్తారా?"

"ఎవుడి కడుపైనా బియ్యంతోనే కదమ్మా నిండాల" అన్నాడు ఆయన. ఆవిడ ఆ పొట్ట కుట్టు తనే ఇంకాస్త బిగించి ఇచ్చింది.

అలా మూడయ్యాయి. మూడు మూలల శాలువా, కన్నాల టోపీ, బియ్యం కుందేలు. ఒక్కటీ సరిగ్గా లేదు. పైడయ్య మూడింటినీ ఉతికి, ఆరబెట్టి, సంచీలో పెట్టి వంకెకి తగిలించాడు. కుందేలునీ ఉతికాడా అంటావా? దాని మొహం తుడిచాడులే. నిద్ర రావట్లేదు గానీ, అన్నీ పట్టుకుంటావు.

బారసాలకి ఇంకా రెండు నెలల పైన ఉంది. అప్పుడు ఒకరోజు పొద్దున్నే కొండమీంచి వచ్చిన బస్సు ఆగింది. కండక్టరు దిగి పైడయ్య ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చాడు. రత్నానికి నెలన్నర ముందే నొప్పులొచ్చాయట. మొన్న ఆడపిల్ల పుట్టిందట. అరచేతిలో పట్టేంత పిల్ల. పుట్టినప్పుడు పిల్లి కూనలా ఒక్క మూలుగు మూలిగిందట. ఆ తర్వాత నోరు తెరవలేదట. ఏడవదు, పాలు పట్టదు. "నిన్నొచ్చీమన్నారు మావా" అన్నాడు కండక్టరు, కిందికి చూస్తూ.

పైడయ్య సంచీ తీసుకున్నాడు. బస్సు ఆసుపత్రి ముందు ఒక్క నిమిషం ఆగింది. కరుణమ్మ కిటికీ పట్టుకుని గబగబా చెప్పింది.

"విను పైడయ్యా. పిల్లకి ముందు వెచ్చదనం కావాలి. ఎన్ని గుడ్డలు చుట్టినా మనిషి ఒంటి వెచ్చదనం రాదు. చొక్కా విప్పి గుండెకి ఆనించుకోండి. తల కప్పండి, కాళ్ళు వెచ్చగా ఉంచండి. వెచ్చబడితే ఏడుస్తుంది. గట్టిగా ఏడిస్తే పాలు తాగుతుంది. ఏడుపు కోసమే చూడు."

ఇప్పుడైతే చిన్నపిల్లల్ని పెట్టే అద్దాల పెట్టెలున్నాయి. అప్పుడు లేవు. మనుషులే పెట్టెలు.

బస్సు మలుపులు తిరుగుతూ ఎక్కింది. మధ్యాహ్నం దాటాక మంచుమెట్టలో దిగాడు. ఎండ పేరుకే ఉంది. లోపల రత్నం మంచం మీద వణుకుతోంది. రెండు రోజులుగా పిల్లని గుండెకి పెట్టుకుని పడుకుంది గానీ, పచ్చి బాలింత, దాని ఒళ్ళే చల్లబడిపోయింది. తండ్రిని చూసి "నాన్నా" అంది. అంతే.

పైడయ్య గడప దగ్గరే నిలబడిపోయాడు. పిల్ల కనపడలేదు. కనపడింది గుడ్డల మూట. ఆ మూటలో ఎక్కడో ముఖం, రెండు వేళ్ళంత. ఉండు, నీళ్ళు తాగనీ.

ఊఁ. అప్పుడు పైడయ్య సంచీ విప్పాడు. సిగ్గుపడుతూ మూడూ తీసి మంచం మీద పెట్టాడు. "పుట్టింటోళ్ళవి" అన్నాడు. "సరిగ్గా కుదర్లేదు."

రత్నం అత్తగారు టోపీ ఎత్తి చూసింది. "అయ్యో అన్నయ్యగారూ, ఇది ఈ పిల్లకి ఇద్దరు పిల్లలంత ఉంది" అంది. తొడిగితే ముక్కుదాకా జారింది. అప్పుడు ఆవిడ వేలికి కింది తాడు తగిలింది. లాగింది. కన్నాలన్నీ దగ్గరికొచ్చి, టోపీ ఆ చిన్న తలకి అచ్చంగా పట్టేసింది. తాడు కింద మిగిలింది కుచ్చులా దిగి చెవుల్నీ మెడనీ కప్పింది.

ఆ తర్వాత ఆవిడ కుందేలుని ఎత్తింది. గలగలమంది. "లోపలేముంది?" "బియ్యం." కొండమీద మనిషి కదా, వెచ్చదనం విలువ తెలుసు. పొట్ట కుట్టు విప్పి, బియ్యం మూట బయటికి తీసి పొడి మూకుడులో వేడిచేసి, మళ్ళీ లోపల పెట్టి, తన చెంపకి ఆనించి చూసుకుని, పిల్ల పాదాల దగ్గర గుడ్డ మీద పెట్టింది. బియ్యం వేడి ఊరికే పోదు. పోయినా మళ్ళీ వేడిచెయ్యచ్చు. దూదికి ఆ పని చేతకాదు.

ఇక శాలువా. పైడయ్య చొక్కా విప్పి, పిల్లని తన గుండె మీద పడుకోబెట్టుకున్నాడు. అల్లుడు శాలువా పట్టుకుని చుట్టూ తిరిగాడు. మొద్దు మూల, పాదాల దగ్గరి కుందేలుతో సహా, పిల్ల కిందికి పట్టుగా వచ్చింది. మిగిలిన రెండు మూలలూ ఆ పెద్ద వీపు వెనక్కి వెళ్ళి ముడి పడ్డాయి. మెడకి చుట్టుకునే పట్టీ అయితే వచ్చేదా? కొసరు మీద కొసరు వేస్తేనే కదా తాతకీ మనవరాలికీ కలిపి సరిపోయింది!

అలా కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నాడు? కుందేలుని మూడుసార్లు వేడి చేసినంతసేపు. రత్నం చూస్తోంది. అత్తగారు చూస్తోంది. అల్లుడు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. పిల్ల ఊపిరి తీస్తోంది గానీ, నోరు విప్పట్లేదు. దీపాలు పెట్టే వేళయింది.

పైడయ్యకి భయమేసింది. భయమేస్తే ఆయనకి తెలిసింది ఒకటే, లెక్కపెట్టడం. పిల్ల వీపు మీది కుట్లని ఒక్కొక్కటీ వేలితో తడుముతూ మెల్లిగా లెక్కపెట్టాడు. "లాభం. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు."

అక్కడ ఆగిపోయాడు.

నలభై ఏళ్ళు కొలిచాడు. ఎన్ని కళ్ళాలు, ఎన్ని రాశులు! ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. అంటే ఇల్లు ఏడుస్తుందని. మరి ఇవాళ ఈ ఇల్లు ఎదురుచూస్తున్నది దేనికోసం?

ఆయన తల వంచి, టోపీ అంచు పక్కకి జరిపి, ఆ చిన్న చెవిలో అన్నాడు. "ఏడు."

పిల్ల కదల్లేదు.

"ఏడు, తల్లీ."

పిల్ల కాలు కుందేలుని తన్నింది.

అప్పుడు పైడయ్య, కళ్ళమంతా వినపడేలా కొలత పాడే ఆ గొంతుతో, ఇంటి కప్పు అదిరేలా, "ఏడమ్మా, ఏడూ!" అన్నాడు.

ఏడ్చిందమ్మా! ఎలా ఏడ్చిందనుకున్నావు! మొహమంతా నోరు చేసుకుని, ఎర్రగా కందిపోయి, వీధి చివరిదాకా వినపడేలా ఏడ్చింది. ఆ ఏడుపు విని రత్నం నవ్వింది. అత్తగారు నవ్వింది. అల్లుడు గోడకి తల ఆనించి నవ్వాడు. పిల్ల ఏడుస్తుంటే ఇల్లంతా నవ్వింది. పైడయ్య ఒక్కడే పిల్లతో పాటు ఏడ్చాడు. ఆ తర్వాత పిల్లని రత్నానికి అందించాడు. పిల్ల పాలు తాగింది.

బారసాలనాడు ఇల్లు నిండా జనం. పుట్టింటి నుంచి ఏం వచ్చాయని ఎవరో అడిగారు. రత్నం తల దించుకోలేదు. మూడు మూలల శాలువా ఎత్తి పట్టుకుని, "మా నాన్న అల్లాడు" అంది. అంత గర్వంగా ఎవరూ పట్టుచీర కూడా చూపించలేదట.

పిల్లకి మంచి పేరే పెట్టారు, కానీ పైడయ్య మాత్రం 'కొసరూ' అనే పిలిచాడు. "నెలలు తక్కువైన పిల్లకి కొసరేమిటి అన్నయ్యగారూ?" అని వియ్యపురాలు నవ్వింది.

"దేవుడు కొంచెం తక్కువ కొలిసి పంపినాడమ్మా" అన్నాడు పైడయ్య. "కొసరు నానేసినాను."

ఇదీ శాలువా కథ. టోపీ నీ వరకూ రాలేదు, మీ అమ్మ తలకి పెట్టేదాకా ఉంది. కుందేలుని నిజం ఎలకలే తిన్నాయి, కడుపులో బియ్యం ఉంటే ఊరుకుంటాయా?

ఏమన్నావు? ఆ కొసరుపిల్ల ఏమైందా? బాగానే ఉంది. బోలెడు పెద్దదయింది. జుట్టు నెరిసింది. నీకు అమ్మమ్మ ఉన్నట్టే దానికీ ఒక అమ్మమ్మ ఉండేది. కొండెక్కి వచ్చినప్పుడల్లా పడుకోబెట్టి, ఇలాగే కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, కుట్లు లెక్కపెడుతూ నిద్రపుచ్చేది. నా అమ్మమ్మకి ఇంతింత మీసాలుండేవి.

అలా చూడకు. ఊఁ, కళ్ళు మూసుకో. వేలితో కుట్లు తడుముకో. లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఆరున్నొక్కటి... నీకెందుకులే ఆ మాట, అది నాకు ఒకసారి చెప్పేశాడు, చాలు.

గుచ్చు, చుట్టు, లాగు, దించు,
కొసరు కుట్టు ఒకటి ఉంచు.
ఊలు ఉండ బుట్టలోకి,
బుజ్జి కాళ్ళు శాలువాలోకి.
కథ వెళ్ళింది కంచికి,
మనం చేరాం మంచానికి.